నాన్న వివరాలు

మా ఇంట్లో నాన్న చనిపోయాడని ఎవరూ అనరు. అమ్మ అననివ్వదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న ఇంకో ఇద్దరితో కలిసి బోటు మీద వేటకెళ్ళాడు. గాలి తిరిగింది. మిగతా ఇద్దరి శవాలూ భీమిలి వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నాన్నది రాలేదు. మా జాలారిపేట పెద్దలు కొన్నాళ్ళు చూసి, ఇక కార్యం చేసేద్దామని అడగడానికి వస్తే అమ్మ వాళ్ళని గుమ్మంలోనే ఆపేసింది.

"మడిసి రాకుండా కార్యమేటి?"

గాజులు తియ్యలేదు, బొట్టు చెరపలేదు. దారి తప్పి పక్క దేశం నీళ్ళలోకి పోయి, అక్కడి జైల్లో ఉండి తిరిగొచ్చినవాళ్ళు మా వైపు ఊళ్ళలో ఉన్నారు. అమ్మకి ఆ ఆధారం చాలు. ఎవరడిగినా ఒకటే మాట: "ఏటకెల్లినాడు." నేనూ అదే చెప్పేదాన్ని. కాలేజీలో కూడా.

అమ్మ నెత్తిన తట్ట పెట్టుకుని ఎంవీపీ కాలనీ వీధుల్లో చేపలమ్మి నన్ను బీకాం చదివించింది. మా జాలారిపేట వీధిలో డిగ్రీ చేతికొచ్చిన మొదటి ఆడపిల్లని నేనే. ఇప్పుడు అమ్మ మెడ పట్టేసింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. పోర్టు రోడ్డులో ఒక షిప్పింగు కంపెనీలో ఖాళీ ఉందని తెలిసింది. కంటైనర్లకి కాగితాలు తయారుచేసే పని. ఆ ఉద్యోగం వస్తే అమ్మ తట్ట దించేస్తుంది. నాకు కావలసింది అంతే.

అప్లికేషనుతో పాటు మన గురించి ఒక లెటరు రాయాలట, ఇంగ్లీషులో. మా కాలేజీ మేడమ్ ముందే చెప్పారు: "ఊరికే లెటర్ రాయమంటే ఆ ఏఐ ఊరందరికీ రాసేదే నీకూ రాస్తుంది. నీ సంగతులు చెప్పు. దానికి నువ్వు రాసిచ్చే ప్రాంప్టు ఎంత నిజంగా ఉంటే లెటరు అంత బాగుంటుంది."

నేను ఫోను పట్టుకుని గుమ్మంలో కూర్చుని అన్నీ తెలుగులోనే టైపు చేశాను. మార్కులు, ట్యాలీ కోర్సు, అమ్మ తట్ట, మా ఇల్లు. నాన్న దగ్గరికొచ్చేసరికి అలవాటుగా "వేటకెళ్ళాడు" అని కొట్టాను. లెటరు వచ్చింది. మా నాన్న మత్స్యకారుడనీ, ప్రస్తుతం సముద్రంలో వేటలో ఉన్నాడనీ అందులో రాసి ఉంది.

దాన్ని చాలాసేపు చూశాను. అమ్మ మాట నమ్మింది ఆ యంత్రం ఒక్కటే.

లెటరులో అబద్ధం ఉండకూడదు. "లేదు. మా నాన్న సముద్రంలో చనిపోయారు" అని టైపు చేశాను. నోటితో ఎప్పుడూ అనలేదు. వేళ్ళతో అన్నాను. వెంటనే జవాబొచ్చింది: "మీ నాన్నగారిని కోల్పోయినందుకు చాలా విచారిస్తున్నాను." ఆ మాట మాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఎలా చెప్తారు, మా ఇంట్లో ఎవరూ పోలేదు కదా.

లోపల చేపలు తోముతున్న అమ్మ కేకేసింది. "ఏటే గుంటా, సప్పుడు నేదు?"

"నెట్టు రావట్లేదమ్మా."

"నెట్టు రాపోతే ఏడుత్తారేటే?"

"పొయ్యి పొగమ్మా," అన్నాను. పొయ్యి ఇంకా ముట్టించలేదు. అమ్మ మళ్ళీ చేపలు తోముకోసాగింది.

మర్నాడు మా మేనమామ వీరన్న కొడుకు ఉదయ్ బావ వచ్చాడు. తనూ అదే ఉద్యోగానికి పెడుతున్నాడు. "దేవీ, ఆ పాంప్టేదో నాకూ ఎట్టీవే. నాను అడిగితే అది ఏటేటో పెద్ద పెద్ద మాటలు రాసేత్తంది. మా బాబు సూసి, ఇది నువ్వు కాదురా, కలెక్టరుగారురా అన్నాడు."

మా పేటలో ఎవరి వలకి ఎక్కువ పడితే వాళ్ళు పక్కింటికి కూరకి పంపుతారు. లేదనడం మాకు రాదు. నేను టైపు చేసిందంతా, నాన్న సంగతితో సహా, వాట్సాప్‌లో పంపేశాను. "పేరు, మార్కులు, ఇంటి సంగతులు మార్చుకో బావా" అని కింద రాశాను కూడా. బావ పేరూ మార్కులూ మార్చుకున్నాడు. వచ్చిన ఇంగ్లీషు లెటరు చదవకుండా పంపించేశాడు.

ఇద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూ. ముందు బావని పిలిచారు. పోయినంత వేగంగా తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"ఓలమ్మ, మా బాబుని సంపీసినానే దేవీ."

"ఏటి?"

"మీ నాన్నేటి సేత్తాడని అడిగినారు. సేపలేట సార్, నన్ను బండి మీద దింపి గేటు కాడ టీ తాగతన్నాడన్నాను. మరి లెటర్లో సముద్రంలో పోయేడని రాసేవేట్రా అని తగులుకున్నారు. నానేటి సెప్పను? మీ నాన్న ముక్క మార్సడం మర్సిపోనాను."

అతను ఇంకా చెబుతుండగానే నన్ను పిలిచారు.

లోపల భీమశంకరరావు గారని పెద్దాయన, ముందు రెండు లెటర్లు పక్కపక్కనే పెట్టుకుని ఉన్నారు. మార్కులు చూశారు. ట్యాలీలో రెండు ప్రశ్నలడిగారు, చెప్పాను. తలూపారు. తర్వాత రెండు లెటర్ల మీదా రెండు వేళ్ళు పెట్టారు.

"అతను నీకేమవుతాడు?"

"మేనమామ కొడుకు సార్."

"వాళ్ళ నాన్న గేటు దగ్గర టీ తాగుతున్నాడు. మీ నాన్న ఎక్కడున్నాడమ్మా?"

లెటరు ముందు నాదేననీ, అతను పొరపాటున మార్చలేదనీ చెప్పాను. ఆయన విన్నారు. కోపంగా ఏమీ లేరు, అలసిపోయినట్టున్నారు. "చూడమ్మా, మాది కాగితాల మీద నడిచే పని. నీ పని నాకు నచ్చింది. ఈ ఒక్కటీ తేలితే సోమవారం నుంచే రావచ్చు. మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి. నేను ఒక్క మాట అడుగుతాను. స్పీకర్లో పెట్టు."

చేశాను. చెయ్యకపోతే అబద్ధమని ఒప్పుకున్నట్టే.

అమ్మ ఎత్తింది. వెనక రోడ్డు చప్పుడు. తట్ట నెత్తి మీదే ఉండి ఉంటుంది.

"అమ్మా, మీ అమ్మాయి ఇంటర్వ్యూకొచ్చిన ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ ఆయన ఏం చేస్తారమ్మా?"

అమ్మ గొంతు సర్దుకుంది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు అలా చేస్తుంది.

"ఏటకెల్లినాడు బాబూ."

"ఎప్పుడొస్తారు?"

"ఒచ్చీత్తాడు బాబూ. మా గుంట బాగా సదివింది. దానికి పనియ్యండి, మీకు పున్నెముంటాది. ఆల్లయ్య ఒచ్చేతలికి దాన్ని కుర్సీలో సూడాల."

ఆయన నా లెటరు నా వైపు తిప్పి, నాన్న సముద్రంలో పోయాడన్న మొదటి వాక్యం కింద వేలు పెట్టారు.

"మరి ఇది?"

ఫోను బల్ల మీద వెలుగుతూనే ఉంది. అవతల అమ్మ ఊపిరి వినిపిస్తోంది. ఇంగ్లీషులో చెప్పేద్దామనుకున్నాను. కానీ డెడ్ అన్న ముక్క అమ్మకి తెలుసు. ఆ రెండు శవాలు ఒడ్డుకొచ్చిన రోజు పోలీసులు ఆ మాటే పదేపదే అన్నారు. ఇంకో మాట ఏదైనా ఉందేమోనని వెతికాను. బీకాం చదివాను గానీ ఆ మాట దొరకలేదు.

"మా అమ్మ చెప్పిందే సార్," అన్నాను.

ఆయన ఫోను కట్ చేసి నా చేతికిచ్చారు. అప్పుడు చెప్పాను, ఉన్నదున్నట్టు. కార్యం చెయ్యనివ్వని సంగతీ, గాజుల సంగతీ అన్నీ. ఆయన నా మొహంలోకి చూశారు. నమ్ముదామనే చూశారనుకుంటాను. "ఒకే గదిలో రెండు మాటలు చెప్పావమ్మా. దేన్ని రాసుకోమంటావు నన్ను?" అన్నారు. తర్వాతి కుర్రాణ్ని పిలిచారు.

గేటు దగ్గర మామయ్య టీ గ్లాసు పట్టుకుని బావని తిడుతున్నాడు. "నన్ను సంపీసైనా ఉజ్జోగం తెచ్చుకున్నావేట్రా ఎదవా! అదీ నేదు. నాను ఇంకా బతికే ఉన్నాను, రేపు మళ్ళీ ఏటకెల్లాల." నన్ను చూసి ఆగిపోయాడు. ఇంకో టీ చెప్పాడు. బావ తలొంచుకుని చెప్పు కొనతో మట్టిని గీస్తున్నాడు. మామయ్య నాన్నతో కలిసి వలలు లాగినవాడు. గ్లాసు నా చేతికిచ్చి, "మీ అయ్యుంటే..." అన్నాడు, మింగేశాడు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ మెడకి ఆముదం రాసుకుంటోంది. మనిషంతా నా వైపు తిరిగింది.

"నాను సరిగ్గానే సెప్పినానా అమ్మీ?"

"సరిగ్గానే చెప్పావమ్మా."

"మరి ఏటన్నారు?"

"వాళ్ళకి అనుభవం ఉన్నోళ్ళు కావాలట."

"పోన్లే. ఇంకోటి సూడు." నూనె చెయ్యి చీరకి తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "ఉదయ్‌గాడన్నాడు, ఆ ఫోనులోది ఏటడిగినా సెప్తాదంట కదా?"

"చెప్తుంది."

అమ్మ గాజులు పైకీ కిందికీ తోసుకుంది.

"ఏటకెల్లినోళ్ళు ఇన్నేళ్ళకి తిరిగొచ్చినోళ్ళున్నారేటో అడుగు."

ఫోను తెరిస్తే పాత సంభాషణే వచ్చింది. అందులోనే కింద అమ్మ అడిగినట్టే టైపు చేశాను. జవాబు వచ్చింది: "మీ నాన్నగారు సముద్రంలో చనిపోయారని మీరు ముందు చెప్పారు. ఇది ఆయన గురించేనా, లేక మరొకరి గురించా?"

అమ్మకి చదువు రాదు. తెర వైపు కాదు, నా మొహం వైపే చూస్తోంది.

"ఏటంటంది?"

"వివరాలు అడుగుతోందమ్మా."

అమ్మ దగ్గరగా జరిగింది. మెడ తిరగక భుజం నా భుజానికి ఆనింది.

"అయితే రాయి. పేరు గురువులు. సామనసాయ. ఎడం సేతి మీద గంగమ్మ పచ్చబొట్టు. ఎల్లేటప్పుడు నీలం బనీను, దానికి సంకలో సిరుగు. నానే కుట్టేను, తెల్ల దారంతో. నీలం దారం నేకపోయింది. నవ్వితే ఒక పక్క పన్ను ఉండదు. రాత్తన్నావా?"

"రాస్తున్నానమ్మా," అన్నాను.

ఒక్కొక్కటీ టైపు చేశాను.