అడ్డపొగ మానినవాళ్ళం

ఆదివారం అన్నాలయ్యాక మేము నలుగురం ఆడవాళ్ళం ఆమదాలవలసలో మా బియ్యం మిల్లు వెనక రేకుల గదిలో కూర్చునేవాళ్ళం. ధాన్యం ఉడికే పొగ, తౌడు వాసన, దూరంగా స్టేషన్లో ఏదో రైలు ఆగీ ఆగని చప్పుడు. ఆ వేళ ఆ గదిలో మనిషికి మెలకువో నిద్రో తెలిసేది కాదు. అయినా మేము కునుకు తీయడానికి రాలేదు, అడ్డపొగ మానడానికి వచ్చాం.

పొట్టి చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు లోపలికి ఉండేలా నోట్లో పెట్టుకుని, కొస కూడా కనపడకుండా పెదాలు మూసేస్తే అదే అడ్డపొగ. మా వైపు ఆడవాళ్ళకి అమ్మమ్మల నాటి అలవాటు. ఊడ్పుల్లో రెండు చేతులూ బురదలో ఉంటాయి, పైన వాన. నిప్పు నోట్లో ఉంటే ఆరిపోదు, చంకలో బిడ్డ మీద నుసి రాలదు. చూసేవాళ్ళకి మనిషి ఊరికే నోరు మూసుకుని ఉన్నట్టే ఉంటుంది. శ్రీకాకుళంలో పళ్ళ డాక్టరమ్మ మా నోళ్ళు చూసి హడలిపోయి, అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకుంటూ మానండి అంది. మాట్లాడమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క నియమం.

ఆ నియమం అక్క వరసైన మా తోడికోడలు కూర్మమ్మప్పకి బాగా కలిసొచ్చింది. వచ్చిన రోజునుంచి నోరు మెదపలేదు. గోడకి ఆనుకుని, కళ్ళు అరమోడ్చి కూర్చునేది. మేము మాత్రం తెగ వాగేవాళ్ళం. తాయారు సోంపు నములుతూ "నాకసలు దాని మీదికి మనసే పోదు" అనేది. జగ్గమ్మ "నాను దాని పేరే మర్సిపోనాను" అనేది. నేనేం తక్కువ తిన్నానా, నేనూ అంతే.

అప్ప అంగిట్లో తెల్లటి మచ్చ ఉంది. నిప్పు మానేస్తే తగ్గొచ్చు, మానకపోతే క్యాన్సరు కావచ్చు, మళ్ళీ వచ్చి చూపించుకోమంది డాక్టరమ్మ. అప్ప మళ్ళీ వెళ్ళలేదు. ఎంత బతిమాలినా నోరు తెరిచి నాకైనా చూపించలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది ఆవిడొక్కతే. ఆవిడ పోతే నాకెవరున్నారు?

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి యేడు, శ్రావణమాసంలో ఒక ఆదివారం మిల్లు నడవలేదు. బాయిలరు బాగుచేయిస్తున్నారు. గదిలో పొగ లేదు, తౌడు వాసన లేదు. రేకుల మీద సన్నటి జల్లు వింటూ కూర్చున్నాం.

అప్పుడొచ్చింది చుట్ట వాసన. తియ్యగా, ఘాటుగా. నా కళ్ళముందు గది కరిగిపోయింది. నాగావళి పక్కన మా కన్నవారి పొలం, పిక్కల దాకా నీళ్ళు, వంగి నాట్లు వేస్తున్న మా అమ్మ. ఆమె ముక్కులోంచి సన్నగా పొగ. "అమ్మా" అనబోయాను. అమ్మ పోయి ఎన్నేళ్ళో అయింది. నాకు ఏడుపు ఆగలేదు.

"నానింక ఇక్కడికి రాను," అన్నాను. "మీరందరూ మానేసినోలు. నాకు ఇప్పుడు కూడా దాని వాసనే వస్తన్నాది. నానోడిపోనాను."

జగ్గమ్మ నావైపు తిరిగింది. "నీకూ వస్తన్నాదేటి? నాకొక్కదానికే అనుకున్నాను. మా కళ్ళంలో కుప్పెనక కూకొని ఎలిగించుకుంతన్నట్టే ఉన్నాది."

తాయారు సోంపు నమలడం ఆపేసింది. "నాకైతే సంకలో మా సంటిదున్నాది. దాని ఒళ్ళు ఎచ్చగా తగులుతన్నాది," అని కళ్ళు తుడుచుకుంది. "మనసు పోదని కోతలు కోసినాను. రోజూ పోతాది."

ఎవరి పొలంలో వాళ్ళం, ఎవరి వానలో వాళ్ళం. ముగ్గురికీ ఒకే వాసన ఒకేసారి ఎలా వచ్చిందని ఎవరికీ తట్టలేదు.

కూర్మమ్మప్ప బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. ముక్కులోంచి సన్నగా పొగ. నేనింకా మా అమ్మనే చూస్తున్నాననుకున్నాను. అంతలో ఆవిడ పెదాలు విప్పి, కాలుతున్న చుట్ట తీసి, గుమ్మం బయట వానలోకి విసిరేసింది. ఇన్నాళ్ళూ మిల్లు పొగ చాటున మాకు తెలియనేలేదు.

నాకు కోపం నషాళానికెక్కింది. "ఓలప్పో! మా మద్దెన కూకొని నువ్వు సేస్తన్న పని ఇదేనా? సచ్చిపోతావప్పా!"

"తెలుసే సూర్యకాంతం." ఆ గదిలో ఆవిడ మొదటి మాట అదే. "మీరందరూ ఇట్టే మానేసినామన్నారు. నావల్ల కానేదు. సెప్తే నవ్వుతారని నోరు మూసుకున్నాను. మీక్కూడా ఇలాగే ఉన్నాదని ఒక్కర్తీ సెప్పనేదు కదే."



అప్ప గుమ్మం దగ్గర వెలుగులోకి జరిగింది. "సూసి సెప్పండి, ఎంతున్నాదో. డాక్టరు కాడ ఒక్కదాన్నే యినాలంటే భయమే," అని నోరు తెరిచింది.

తాయారు ఫోను లైటు వేసింది. అంగిలంతా తెల్లగా ఉంది, మధ్యలో ఎర్రటి పుండు. ఏం లేదప్పా అని చెప్పేయాలనిపించింది.

"పెద్దదే అప్పా," అన్నాను. "రేపు పొద్దున్న ఎల్దాం. నాను నీ పక్కనే కూకుంతాను."

అప్ప నా చెయ్యి పట్టుకుంది. పట్టు వదల్లేదు.

జగ్గమ్మ మమ్మల్ని కాస్త పక్కకి తోసి, వెలుగులోకి వచ్చి కూర్చుంది. "అబద్ధమాడకండి," అని తనూ నోరు తెరిచింది.