కడిగిన కాళ్లు

"నీ భర్తను చూసి వినయం నేర్చుకో, మోనిక్" అన్నాడు పాదిరీ. ఆదివారం ప్రార్థన ముగిశాక, గుడి మెట్ల దగ్గర, కూలీలందరూ వింటుండగా అన్నాడు.

పోలమ్మ తలవంచుకుంది. మోనిక్ అన్నది ఆమెకు బాప్తిస్మంలో పెట్టిన పేరు. మొగుడి కోపాన్ని నోరెత్తకుండా ఓర్చుకున్న పునీతురాలి పేరని చెప్పి మరీ పెట్టారు.

పాదిరీ పోర్ట్ లూయిస్ నుంచి రైల్లో వచ్చి, దిగాక ఎద్దుబండి ఎక్కి షెమాన్ గ్రెనియే చేరాడు. ఈ చెరకు తోటల కూలీ క్యాంపులోని తెలుగు క్రైస్తవులకు ప్రార్థనలు చెప్పి, పాదిరీకీ వాళ్లకూ మధ్య తర్జుమా చేసే ఉపదేశిగా ఎవరిని ఖాయం చేయాలో తేల్చడానికి వచ్చాడు. ఇన్నాళ్లూ ఆ పని చూస్తున్న పోలమ్మ మొగుడు పియర్ గోపాలు చేతులు కట్టుకుని నిలబడి, క్రీస్తు తన శిష్యుల కాళ్లు కడిగినట్టే ఏటా పవిత్ర గురువారంనాడు పన్నెండుమంది కూలీల బురద కాళ్లు తన చేతులతోనే కడుగుతానని ఈ దీవి వాడుక భాష క్రియోల్‌లో చెప్పాడు. నా భార్యనే అడగండి అన్నాడు. పాదిరీ అడిగాడు. ఆమె తల ఊపింది. ఆ తర్వాతే వినయం గురించిన ఆ మాట వచ్చింది.

నిజం పెరట్లో ఉంది. ఏటా ఆ గురువారం మధ్యాహ్నం పన్నెండుమందీ ముందు పోలమ్మ దగ్గరికే వచ్చేవారు. పెరటి కాలువ గట్టున కూర్చోబెట్టి, ఇటుక ముక్కతో మడమలు రుద్ది, కొబ్బరి పీచుతో వేళ్ల సందులు తోమి, గోళ్లలో ఇరుక్కున్న ఎర్రమట్టి పుల్లతో తీసేది. ఆ కాళ్లు తడి ఆరకముందే గుడికి వెళ్లేవి. అక్కడ గోపాలు మోకరించి, పింగాణీ కూజాతో నాలుగు చుక్కలు పోసి, తువ్వాలుతో అద్దేవాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. ఇంటికి తిరిగొచ్చిన తువ్వాలుకు మరక ఉండేది కాదు. అయినా దాన్ని ఉతికేది పోలమ్మే.

వినయం అన్న మాట ఆ ఇంట్లో ఉప్పు కంటే ఎక్కువ వాడేవారు. కూర చప్పబడితే వినయం లేదు. పొలం నుంచి ఆలస్యంగా వస్తే వినయం లేదు. బిందె బరువంటే అత్త పాపమ్మ, "క్రీస్తు శిలువనే మోసినాడు, నీకు నీల్లు బరువొచ్చిందా" అనేది. మొన్న కలుపు తీస్తుంటే నల్లరాయి కోసుకుని పోలమ్మ మడమ చీలింది. చీము పట్టింది. కాస్త వేణ్నీళ్లు పోయమని గోపాలును అడిగింది. "ఆడదాని కాల్లు కడిగితే నేను క్యాంపులో తలెత్తుకు తిరగ్గల్నా?" అన్నాడు. నవ్వలేదు. తను అన్నదేమిటో అతనికి తెలియను కూడా తెలియలేదు.

అయినా ఆమె తల ఊపింది. ఉద్యోగం ఖాయమైతే గుడి పక్కన రాతి ఇల్లు ఇస్తారు. ఉపదేశి భార్య పొలానికి పోనక్కరలేదు. ఆ ఇల్లు కావాలని ఆమె దేవుణ్ని అడిగింది. సిగ్గు లేకుండా, రోజూ అడిగింది. ఆమె నడుముకు ఆ ఇల్లు కావాలి. ఆ మడమకు కావాలి.

గురువారం మధ్యాహ్నం పన్నెండుమందీ వచ్చారు. వాళ్లలో సన్యాసి అనేవాడు ముందుగా గట్టున కూర్చుని కాళ్లు చాపాడు.

"పెల్లినాడు మా మావ కూడా నా కాల్లు ఇంత బాగా తోమలేదు వదినా."

మిగతావాళ్లు నవ్వారు. పోలమ్మ ఇటుక ముక్క తీసుకుని వంగింది. మడమ సలిపింది. కానీ ఆమెను ఆపింది అది కాదు. కాళ్లు ఎన్ని కడిగినా అబద్ధం కాలేదు, ఎవరూ అడగలేదు గనుక. ఆదివారం పాదిరీ అడిగినప్పుడు తల ఊపింది. ఇప్పుడు ఈ కాలు రుద్దితే ఆ అబద్ధాన్ని మళ్లీ చెప్పినట్టే. ఇటుక ముక్క కింద పెట్టేసింది.

"ఇలాగే ఎల్లండి."

"బురదతోనా?"

"ఆయన కడిగేది బురద కాల్లేనట. పాదిరీకి సెప్పినాడు."

సన్యాసి ఆమె మొహంలోకి చూశాడు. "రాతి ఇల్లు పోద్ది వదినా."

"తెల్సు."

గుడిలో పాదిరీ పీఠం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. గోపాలు తెల్ల కోటు మీద తువ్వాలు వేసుకుని మోకరించాడు. కూజా ఎత్తాడు. చూశాడు.

"ఏట్రా ఇది?" అన్నాడు పెదవులు కదపకుండా.

"కాలు" అన్నాడు సన్యాసి.

గోపాలు నీళ్లు పోశాడు. కాళ్ల కింద పెట్టిన పళ్లెం ఎర్రబడింది. బురద అలాగే ఉంది. మళ్లీ పోశాడు. కోటు మీద చిందింది. చేయి చాపి, వెనక్కి తీసుకున్నాడు. కూజా ఖాళీ అవుతోంది, ఇంకా మొదటి మనిషే కాలేదు. వెనక బల్లల వైపు తిరిగి భార్యకు చెయ్యి ఊపాడు.

"పోలీ. ఇలా రా."

పాదిరీ ముందుకు వంగాడు. "ఆమె ఎందుకు?"

"కడగడం ఆమె పని పాదిరీ" అన్నాడు గోపాలు. ఆ మాట అన్నాక నోరు మూసుకున్నాడు.

 పోలమ్మ కూర్చున్నచోటు నుంచే, క్రియోల్‌లో, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఆదివారం నేను తల ఊపింది అబద్ధం పాదిరీ. ఏటేటా ఈ కాళ్లు కడిగింది నేను. ఈయన తడిపాడు."

పాదిరీ గోపాలును చూశాడు. పళ్లేన్ని చూశాడు. ఆమె మాట నమ్మాడని మొహం చెబుతూనే ఉంది. తర్వాత గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు.

"ఆ సంగతి తర్వాత చూద్దాం మోనిక్. గుడి నిండా జనం ఉన్నారు. నీ భర్త పరువు, ఈ గుడి పరువు. ఇప్పటికి వచ్చి కడుగు. ఆ ఇల్లు ఎక్కడికీ పోదు."

పక్కనున్న పాపమ్మ ఆమెను మోచేత్తో పొడిచింది. "లెగు."

పోలమ్మకు ఇప్పుడు అంతా తేటగా కనబడింది. నిజం తెలియక కాదు వీళ్లు తనను వంగమన్నది. తెలిసే వంగమంటున్నారు.

"నీల్లు ఆయన ముందే ఉన్నాయి పాదిరీ" అంది, ఈసారి తెలుగులో. పాదిరీకి తెలుగు రాదు. తర్జుమా చేసి చెప్పవలసిన వాడు మోకాళ్ల మీద ఉన్నాడు.