తల ఆనే చోట

విమానాల్లో ముందు వరసల వాళ్లు కూర్చునే సీట్లకు తోలు తొడిగే పని మాది. నేను తోలు కోస్తాను, మా అక్క కుడుతుంది. కుట్టు సెక్షనులో అక్కతో కలిపి ఏడుగురు ఆడవాళ్లు.

ఆ సంవత్సరం కొత్త సీటు తయారైంది. వాలిస్తే మంచమయ్యే రకం. దానికి కుట్టిన తోలే వెయ్యాలా, అచ్చులో పోసిన తొడుగు బయటనుంచి తెప్పించి అతికించాలా అన్నది పైవాళ్లు తేల్చుకోలేదు. నెలకు నాలుగుసార్లు విమానమెక్కే పాతికమందిని పిలిచి, కూర్చోబెట్టి, వాళ్లు రాసిచ్చినదాన్నిబట్టి చూస్తామన్నారు. తొడుగు గెలిస్తే కుట్టు సెక్షను ఉండదు. ఆ మాట చెప్పింది మా మేనేజరు. మెడలో కొలత టేపు వేసుకు తిరుగుతాడు గనుక టేపు సారంటాం. ఆయన ఏదైనా కొలవగా చూసినవాళ్లు లేరు.

నమూనా సీటుకు తల ఆనే చోట మూడు తోలు ముక్కలు కలుస్తాయి.

"అక్కడ తెల్లదారం వెయ్యక్కా, పైకి కనబడేట్టు. చూస్తేగా రాస్తారు," అన్నాను.

"కుట్టు కనబడేటట్టయితే నేనెందుకురా? గోనెసంచులు కుట్టేవాణ్ని పిలవమను."

"పంతానికి ఇదా సమయం?"

"నువ్వు కోసేది వంకరపోకుండా చూసుకో ముందు."

మూడు రోజులు కుట్టింది. అంచులు లోపలికి మడిచి, దారం లోలోపలే నడిపింది. వేలితో తడిమినా అతుకు తగల్లేదు. కోసినవాణ్ని, నాకే తగల్లేదు.

పాతికమందీ వచ్చారు. ఏదన్నా ఊడితే సరిచెయ్యడానికని అక్కనూ నన్నూ గోడవార నిలబెట్టారు.

"గ్లాసు పెట్టుకునే చోటు మోచేతికి తగుల్తోందండీ," అన్నదొకావిడ.

"సీటు పక్కన మూసుకునే ఈ తలుపు ఇంకో జానెడు పెంచండి. పక్కాయన మొహం చూడ్డానికా ఇంత పోసి కొనేది?" అన్నాడు ఇంకొకాయన.

ఒక లావుపాటాయన పాత సీటే నయమన్నాడు. "కాళ్లు పెట్టుకునే ఈ గూట్లో పిల్లి పడుకోవాలంతే."

"నీ కాళ్లకేం, పడతాయి. పొట్టకే దారి లేదు," అన్నాడు ఆయన స్నేహితుడు. అందరూ నవ్వారు.

నెరిసిన జుట్టు పెద్దమనిషి ఒకాయన మాత్రం తల ఆనించి రెండు నిమిషాల్లో గురకపెట్టాడు. అక్క నా చెయ్యి గిల్లింది.

"చూశావా? అతుకు మెడకింద ఒత్తుకునేదైతే ఈయనకు నిద్రపట్టేదా?"

లేచాక ఆయన కాగితం మీద చాలాసేపు రాశాడు.

మూడోనాడు టేపు సారు మమ్మల్ని పిలిచాడు.

"గ్లాసు గురించి పధ్నాలుగుమంది రాశారు, తలుపు గురించి తొమ్మిదిమంది. కుట్టు గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదమ్మా."

"బాలేదని కూడా రాయలేదుగా సార్?" అన్నది అక్క.

"లేదు. ఇదిగో, ఈ పెద్దాయన ఒక్కడే తల ఆనే చోటు గురించి రాశాడు." చదివాడు. "'చాలా హాయిగా ఉంది. ఎక్కడా అతుకు లేదు, ఒకే ముక్కగా పోతపోసినట్టుంది. ఇలాగే ఉంచండి.' విన్నారుగా, ఆయనకు పోత నచ్చింది. పైవాళ్లు తొడుగులకు ఆర్డరు పెట్టేశారు."

"అది పోత కాదు సార్, అక్క కుట్టింది," అన్నాను.

"నాకు తెలుసయ్యా. ఆయనకు తెలీదుగా. రాసింది ఆయన."

సారు కాగితాలు సర్దుకుంటూ అక్కతో అన్నాడు.

"అచ్చు చేసేవాళ్లకు మీ తమ్ముడు కోసిన కొలతలు చాలవట. కుట్టాక తోలు ఎంత సాగిందో చూడాలట. ఆ తల భాగం విప్పి ఇవ్వమ్మా. తోలు చెడకుండా."

అక్క దాన్ని బల్లమీద వేసుకుని కూర్చుంది. మిగతా ఆరుగురూ మిషన్లు ఆపి చుట్టూ నిలబడ్డారు.

"ఇటివ్వక్కా, నేను విప్పుతాను," అన్నాను.

"నీకు దారం దొరకదు. ఆ లైటు ఇటు జరుపు."

ఒక్కొక్క పోగే తెంపుతూ సాయంత్రందాకా విప్పింది. మూడు ముక్కలూ విడిగా పరిచింది. ఒక్కదానిమీదా గీత పడలేదు.

కొత్తగా చేరిన పిల్ల మెల్లిగా అడిగింది. "రేపు రావాలా అక్కా?"

"నన్నెందుకే అడుగుతావు," అన్నది అక్క, ఒళ్లో పడ్డ దారం ముక్కలు దులుపుకుంటూ.