మాత్ర ఎలుకలు

నీళ్ల సీసాలు కడుగుతున్న శౌరికి ఆ పొద్దున చేతులు నిలవడం లేదు. రోజూ మింగే మాత్రల వల్ల వచ్చే వణుకు కాదది, ఫలితం తేలే రోజని సంబరం.

నూజివీడు శివార్లలో, మామిడితోటల మధ్య కట్టిన ఫార్మసీ కాలేజీలో అతను ఎలుకల గది అటెండరు. యాభై దాటిన బక్కమనిషి. మెడలో నల్లతాడుకు సిలువ, భుజాల మీద వెలిసిన ఖాకీ చొక్కా. వయసులో ఉండగా ముసునూరులో తోట కాపలాకి వెళితే చెట్ల మీంచి ఎవరో తిడుతున్నట్టు వినబడేది. డాక్టరు రాసిన మాత్ర ఆ నోళ్లు మూయించింది. మనిషిని కాస్త మందకొడిగానూ చేసింది. "ఆ మాత్రలు మెదడుని తినేస్తాయంట బావా, ఆపెయ్యి," అని బావమరిది సలోమోను కనబడ్డప్పుడల్లా చెవిలో పోస్తుంటాడు. శౌరికి భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్న హరిచందన పరిశోధన మొదలుపెట్టింది. మెదడు కణాలను కాపాడే ప్రోటీన్లు ఉంటాయట. ఆ మాత్ర వాటిని పెంచుతుందా, తగ్గిస్తుందా? సగం ఎలుకలకు మాత్ర, సగానికి ఉత్త నీళ్లు. ఆ మాత్ర శౌరి వేసుకునేదే! ఇంకేముంది, పరీక్ష రాసింది తనే అయినట్టు ఫలితం కోసం కాచుక్కూర్చున్నాడు.

హరిచందన పరుగున వచ్చింది. "బాబాయ్! పెరిగింది! మాత్ర వేసినవాటిల్లో ప్రోటీను బాగా పెరిగింది. ఈ చివరి ఎలక మెదడు కూడా కోసి చూసేస్తే అయిపోయినట్టే."

శౌరి గది దద్దరిల్లేలా నవ్వాడు. అంత నవ్వు తనలో ఉందని అతనికే తెలియదు. "పెరగదా మరి! పాపం మగతగా పడుంటన్నాయని రోజూ చిన్నరసం మామిడి ముక్క పెట్టానండి!"

"అన్నిటికీనా?"

"అబ్బే, మాత్ర ఎలకలకేనండి. నీళ్లవి బానే ఉన్నాయిగా."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టూలు మీద కూలబడింది. "ఇప్పుడు పెరిగింది మాత్ర వల్లో, పండు వల్లో ఎలా చెప్పను? మీరు ఈ మాట చెప్పకపోయినా బాగుండేది బాబాయ్."

తను చేసిన పని శౌరికి అప్పుడు అర్థమైంది. ఆమె కష్టం పోయింది, తన బుర్ర సంగతీ తేలలేదు.

"చెప్పకపోతే అబద్ధాన్ని నమ్ముకుని మింగేవోణ్ణి కదండీ," అన్నాడు. మరుక్షణమే లేచి నిలబడ్డాడు. "మళ్లీ చేద్దామండి! ఈసారి పండు వాసన కూడా తగలనివ్వను. నేనే కాపలా!"

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "చేద్దాం. కానీ ఎలకల్లో ఏం తేలినా, డాక్టరుగారు చెప్పందే మీరు మాత్ర మానకూడదు."

"మాననండి."

చివరి ఎలుక ఇక ఏ లెక్కకూ పనికిరాదు. మందు పడినదాన్ని బయట వదలకూడదు కూడా. దాన్ని మత్తు పెట్టెలో పెట్టేదాకా శౌరి వీపు నిమురుతూనే ఉన్నాడు. అది ఒకసారి మీసాలు కదిపి నిద్రపోయింది, మళ్లీ లేవలేదు. సొంతమనిషి పోయినట్టు ఏడుపొచ్చింది అతనికి.

సాయంత్రం అన్నం తిని, తన మాత్ర మింగి, బోను కడగడానికి తలుపు తీశాడు. ఓ మూల ఊకలో, అది ముడుచుకుని పడుకున్న చోట, పిడికెడంత గుంట అలాగే ఉంది.