లోడు మీద కొలత

వదిన షాపులో కరెంటు కొలిచే మీటర్ పట్టిందని మేడమీదావిడ కుట్టుమిషనావిడతో అందట. ఆ మాట వీధి చివరికి చేరేసరికి వదిన ఒక వాషింగ్ మెషీన్ తగలబెట్టేసి, మరిది చేత చీవాట్లు తిని, ముక్కు చీదుకుంటూ ఇంటికి కూడా వెళ్లిపోయింది.

వెళ్లలేదు. షాపులోనే ఉంది. రిపేరు షాపు మరిదిది. ఆరేళ్లుగా ఆమె పని చీటీలు రాయడం, దుమ్ము దులపడం. నాలుగు నెలలుగా మాత్రం మరిది భోజనానికి లేవగానే చెడిపోయిన సర్క్యూట్ బోర్డులు ముందేసుకుని కొలతలు తీస్తోంది.

ఆ రోజు వచ్చిన వాషింగ్ మెషీన్‌లో లైట్లు వెలుగుతున్నాయి. మోటార్ తిరగబోగానే టకటకమని కొట్టుకుని అన్నీ ఆరిపోతున్నాయి. మరిది, ఇంటి కరెంటుని తగ్గించి బోర్డుకిచ్చే సప్లై నుంచి బోర్డుకెళ్లే వైరు ఊడదీసి మీటర్ పెట్టాడు. పన్నెండు వోల్టులు.

"సప్లై బంగారం. పోయింది బోర్డు. కొత్తది వేసేద్దాం."

"వైరు ఊడదీస్తే ఏ సప్లై అయినా బంగారమే. తగిలించి చూడు."

"పదిహేనేళ్ల చెయ్యి ఇది వదినా. నువ్వు నేర్పాలా?"

"నేను చెయ్యిని అనలేదే. ఊడదీసిన వైరుని అన్నాను."

మరిదికి మండింది. "మెషీనాయన ఐదింటికొస్తాడు. ఈలోపు తిప్పావా, నా పక్కన కుర్చీ వేస్తా. తిప్పలేకపోయావా, మళ్లీ మీటర్ ముట్టుకోకు."

"కుర్చీ తుడిచి పెట్టుకో."

ఆమె వైరు తగిలించి, మీటర్ చూస్తూ మీట నొక్కింది. మోటార్ కరెంటు అడగ్గానే పన్నెండు కాస్తా ఏడుకి జారింది. సప్లైకి బరువు, అదే లోడు, మోసే సత్తువ లేదన్నమాట. అందులో కరెంటు నిలవచేసి అందించే పెద్ద కెపాసిటర్ మీద అనుమానపడి మార్చింది. మళ్లీ ఏడే. మరిది ఈల వేశాడు. ఆమె చెమట తుడుచుకుని మిగతా కెపాసిటర్లని ఒక్కొక్కటే వేలితో తడిమింది. వేడెక్కే చోటికి ఆనుకుని ఒక చిన్నది ఉంది. ఉబ్బలేదు, కారలేదు, పైకి పెళ్లికొడుకులా ఉంది. వేడికి లోపల ఎండిపోయి ఉంటుందని దాన్నీ పీకి కొత్తది అతికించింది. ఈసారి పన్నెండు కదల్లేదు. డ్రమ్ము గిర్రున తిరిగింది.

మెషీనాయన వచ్చి, బోర్డు మార్చకుండానే బాగైందా అని నోరెళ్లబెట్టాడు.

"మా వదినకి అదృష్టం కలిసొచ్చిందిలెండి," అన్నాడు మరిది. "సరే, రేపట్నుంచి నా పక్కన కూర్చో. అసలు పని నేర్పిస్తా."

"కూర్చుంటాను. నువ్వు ముందు వైరు ఊడదియ్యకుండా కొలవడం నేర్చుకో."