ఈశాన్యం మూల రెండు కిలోలు

నేను ఒక కాటాను. బియ్యం మిల్లులో బస్తాలు తూచే పాతకాలపు కాటాను. నాలుగు చక్రాలు, మనిషి నిలబడేంత ఇనుప పలక, పలక వెనక నిటారుగా ఒక స్తంభం, స్తంభం నెత్తిన ఇత్తడి కడ్డీ, కడ్డీ మీద ముందుకీ వెనక్కీ జారే బిళ్ళ. పలక మీద బరువు పెడితే కడ్డీ పైకి లేస్తుంది. బిళ్ళను జరుపుకుంటూ పోతే ఒకచోట కడ్డీ సమంగా నిలుస్తుంది. అక్కడ ఉన్న అంకె తూకం. పుట్టి అరవై ఏళ్ళు దాటింది. ఈ అరవై ఏళ్ళలో ఒక్క గ్రాము అబద్ధం చెప్పి ఎరగను.

నన్ను పోత పోసిన రోజున కొలిమిలో ఇనుము ఎంత ఎర్రగా కాగిందంటే, ఆ వెలుగు చూసి పక్క ఊరి కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయట. కాలవ మీద పడవలో ములగలంక వచ్చాను. నన్ను ఎక్కించగానే పడవ లోతుకు దిగి, కాలవ పొంగి, గట్టున రెండెకరాలు తడిశాయని చెబుతారు. చెబుతారంటే నేనే చెబుతాను. నిజానికి తడిసింది ఎకరమే.

మొదట ఒక బెల్లం వ్యాపారి కొట్లో ఉన్నాను. అక్కడ నన్ను మనుషులకంటే చీమలు ఎక్కువ గౌరవించాయి. ఆ కొట్టు మూతబడ్డాక మిల్లుకు వచ్చాను. మిల్లు మనుషులతో ఒక చిక్కు ఉంది. పొద్దస్తమానం బస్తాలు తూచి తూచి, లోకంలో దేనినైనా కిలోల్లోనే ఆలోచిస్తారు. వీళ్ళ చేతిలో కబడ్డీ కూడా అలాగే తయారైంది.

మా చుట్టుపక్కల ఎనిమిదూళ్ళ పోటీ ఒకటుంది. ఏటా కోతలయ్యాక జరుగుతుంది. ప్రతి ఊరూ మిగతా ఏడూళ్ళతో ఒక్కొక్క ఆట ఆడాలి. పోటీకి ముందు ఏ రెండూళ్ళైనా ఇష్టపడితే తలా ఒక ఆటగాణ్ణి మార్చుకోవచ్చు. అలా వెళ్ళినవాణ్ణి మార్పు మనిషి అంటారు. ఆ ఏడాదంతా అతను అవతలి ఊరి బనియన్ వేసుకుని ఆడాలి. పూర్వం ఎవరో ఎముకల పోగును ఇచ్చి ఎద్దులాంటివాణ్ణి తెచ్చుకున్నారట. తలలు పగిలాయి. అప్పటి మిల్లు యజమాని మధ్యవర్తిగా కూర్చుని తనకు తెలిసిన న్యాయం చెప్పాడు. మనిషికి మనిషి, కాటాకి కాటా. ఇద్దరి బరువుకూ కిలో కంటే తేడా ఉండకూడదు. తూకం నా మీదే జరగాలి. ఎక్కినవాడు దిగాక రెండోసారి ఎక్కకూడదు. మధ్యలో చెంబు పట్టుకుని పొలం వైపు వెళ్ళొచ్చి బరువు తగ్గానని వాదించినవాడు ఒకడున్నాడు కాబట్టి ఆ ఆఖరి షరతు పెట్టారు.

ఒక ఆటగాడి విలువ అతని బరువు కాదని ఈ ఎనిమిదూళ్ళలో ఎవరికీ తోచలేదు. నాకు తోచింది కానీ, నన్నెవరు అడిగారు?

నేను చెప్పబోయే ఏడాదికి మా ములగలంక జట్టు పరిస్థితి ఏమీ బాగోలేదు. వరసగా రెండేళ్ళు అన్ని ఆటలూ ఓడి అట్టడుగున నిలిచింది. మూడో ఏడూ అడుగునే ఉంటే పోటీ నుంచి తీసేసి, ఎప్పటినుంచో కాచుకుని కూర్చున్న తొమ్మిదో ఊరికి ఆ చోటిస్తారు. దాంతో మధ్యాహ్నం మిల్లు ఆపగానే నా చుట్టూ సభ మొదలయ్యేది. ఇద్దరు పెద్దలు. ఒకరు కొండలరావు, బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. ఏ ఏడు ఏ ఊరి చేతిలో ఎన్ని పాయింట్లతో ఓడామో స్టేజీల పేర్లు చదివినట్టు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. ఇంకొకరు దర్జీ మస్తాన్. ఆటగాడి తొడ చుట్టూ టేపు పెట్టకుండా ఏ అభిప్రాయమూ చెప్పడు. ఇద్దరూ జన్మలో ఎన్నడూ కూతకు వెళ్ళినవాళ్ళు కారు.

వాళ్ళ కన్ను జువ్వలపాడు నూకరాజు మీద పడింది. ఆ కుర్రాడు కూతకు వెళ్తే ఇద్దరిని కొట్టి కానీ తిరిగి రాడు. బరువు డెబ్బై కిలోలు. తూకం సరిపోతే ఎవరైనా సరేనన్నారు జువ్వలపాడు పెద్దలు. అతనికి బదులు ఎవరిని పంపాలన్నది ప్రశ్న.

"భద్రాన్ని పంపేద్దారి," అన్నాడు కొండలరావు.

వీరభద్రం మా మిల్లు హమాలీ. ముప్ఫై ఎనిమిదేళ్ళు. పదహారేళ్ళుగా జట్టులో ఎడమ మూల కాస్తున్నాడు. కూతకు వెళ్ళడు, అరవడు, తొడ కొట్టడు. వచ్చినవాడి చీలమండ దొరికితే పట్టుకుంటాడు, అంతే. అలాంటివాడు ఆడుతున్నట్టు చూసేవాళ్ళకు తెలియదు.

"ఆడు డెబ్బై నాలుగున్నాడు కదండీ కండక్టరుగారూ," అన్నాడు మస్తాన్.

"తరుగు తియ్యవయ్యా. ముప్పై ఎనిమిదేళ్ళ సరుక్కి తరుగుండదా? మోకాలికో రెండు కిలోలు, వయసుకో మూడు."

"తరుగు మనం తీస్తే సరిపోద్దేంటి, కాటా తియ్యాలి. తొడ కూడా తగ్గిందిలెండి. పోయినేడు ఇరవై మూడంగుళాలు, ఇప్పుడు ఇరవై రెండుంపావు."

తవుడు ఊడుస్తున్న పైడమ్మ చీపురు ఆపింది. "మనిషి ఇక్కడే ఉన్నాడు బాబూ. తడిసిన ధాన్యం గురించి మాట్టాడినట్టు మాట్టాడతారేంటి?"

వీరభద్రం బస్తా మీద కూర్చుని అన్నం తింటున్నాడు. ముద్ద దింపకుండా, "మాట్టాడనీ పిన్నీ, ఎండగా ఉంది, ఎక్కడికెల్తారు?" అన్నాడు.

చివరికి వీరభద్రాన్ని పదిహేను రోజుల్లో డెబ్బై ఒకటికి దించాలని నిర్ణయమైంది. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం కాలవ గట్టు మీద పరుగు. ఇంటి నుంచి అతని భార్య పంపే క్యారేజీ అతని కంటబడకుండా మస్తాన్ భద్రపరిచేవాడు. ఎక్కడ భద్రపరిచేవాడో నాకు తెలుసు. ఆ పదిహేను రోజుల్లో వీరభద్రం మూడు కిలోలు తగ్గితే, మస్తాన్ రెండు పెరిగాడు. మిగతా కిలో కండక్టరుగారి వాటా అయి ఉంటుంది.

రోజూ మధ్యాహ్నం అతణ్ణి నా మీద నిలబెట్టేవాళ్ళు. డెబ్బై మూడు. డెబ్బై రెండున్నర. డెబ్బై రెండు. అంకె తగ్గినప్పుడల్లా పెద్దలిద్దరూ లాటరీ తగిలినట్టు ముఖాలు చూసుకునేవాళ్ళు. వీరభద్రం మాత్రం దిగి, తలపాగా చుట్టుకుని, ఖాళీ కడుపుతో డెబ్బై ఐదు కిలోల బస్తా వీపున వేసుకుని లారీ వైపు నడిచేవాడు. ఆ బస్తాను కూడా నేనే తూచాను కాబట్టి ఆ లెక్క నాకు బాగా గుర్తు.

ఒక రోజు మిల్లులో ఎవరూ లేనప్పుడు పైడమ్మ అతన్ని అడిగింది. "నీకు ఇష్టమేనేంట్రా ఎల్లడం?"

అతను గోనె దారం వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. "ఈ ఏడుతో మానేద్దారనుకున్నాను పిన్నీ. మోకాలు ఆగట్లేదు. ఆ ఆకరాట మన బరిలో ఆడి మానేద్దారనుకున్నాను. ఇప్పుడు జువ్వలపాడు బనియనేసుకుని, మనోళ్ళ కాళ్ళే పట్టుకోవాలంట."

"మరి ఆ మాట ఆళ్ళతో అనొచ్చు కదా?"

"నూకరాజొస్తే ఊరు నిలబడుద్దంటన్నారు. నేను కాదంటే ఎట్టా ఉంటది? పదారేళ్ళు ఆడి ఊరినేం నిలబెట్టాను?"

పైడమ్మ మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. ఊడ్చినచోటే ఊడ్చింది.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. ఒక్క గ్రాము అబద్ధం చెప్పలేదన్నాను కదా. గ్రాము మాట నిజమే. చెప్పినవి రెండు కిలోలు. కొన్నేళ్ళ క్రితం లారీ మీద నుంచి ఒక బస్తా జారి నా పలక ఈశాన్యం మూల పడింది. లోపల ఏదో ఇనుప పన్ను దెబ్బతిని పక్కకు ఒరిగింది. అప్పటినుంచి ఆ మూల బరువు పడితే రెండు కిలోలు ఎక్కువ చూపిస్తాను. ఈశాన్యాన బరువు పెట్టకూడదని ఇళ్ళు కట్టేవాళ్ళు చెబుతూనే ఉంటారు, నా విషయంలో ఎవరూ పట్టించుకోలేదు. ముద్ర వేయడానికి వచ్చే అధికారి గుండ్లను పలక నడుమ పెడతాడు, బస్తాలనూ నడుమనే వేస్తారు కాబట్టి ఎవరికీ నష్టం రాలేదు, గుట్టూ బయటపడలేదు. ఆ గుట్టు తెలిసినవాడు లోకంలో ఒక్కడే. ఆ రోజు బస్తా జారవిడిచిన వీరభద్రం.

తూకం రోజు వచ్చింది. ముందు రోజు మధ్యాహ్నం వీరభద్రం సరిగ్గా డెబ్బై ఒకటి తూగాడు. కొండలరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మస్తాన్ నూకరాజు కొలతకని ములగలంక పసుపు బనియన్ ముందే కుట్టి తెచ్చాడు. జువ్వలపాడు నుంచి ఒక ట్రాక్టరు నిండా జనం దిగారు. కడ్డీ చదివే పని ఎప్పుడూ మిల్లు గుమస్తా సుందరానిది. కళ్ళజోడు తుడుచుకుని, నా స్తంభానికి దణ్ణం పెట్టి నిలబడ్డాడు.

ముందు నూకరాజు ఎక్కాడు. నల్లగా, సన్నగా, నవ్వుముఖంతో ఉన్నాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. అతని ఊరివాళ్ళు కూడా అతణ్ణి అడిగి తీసుకురాలేదని నాకు అర్థమైంది.

"డెబ్బై," అన్నాడు సుందరం.

తర్వాత వీరభద్రం వచ్చాడు. చెప్పులు విడిచాడు. జేబులోని చుట్ట, అగ్గిపెట్టె తీసి పైడమ్మ చేతికిచ్చాడు. నా మీద ఎక్కి నిలబడ్డాడు. అందరూ కడ్డీనే చూస్తున్నారు, కాళ్ళ వంక చూసినవాడు లేడు. అప్పుడు అతని ఎడమ మడమ మెల్లగా, పాకే పసివాడిలా, ఈశాన్యం మూలకు జరిగింది.

సుందరం బిళ్ళను డెబ్బై ఒకటి దగ్గర పెట్టాడు. కడ్డీ పైకి లేచే ఉంది. ఇంకొంచెం జరిపాడు. దిగలేదు. డెబ్బై రెండు. దిగలేదు. చివరికి డెబ్బై మూడు దగ్గర సమంగా నిలిచింది.

"డెబ్బై మూడు," అన్నాడు సుందరం, తన నోటిని తనే నమ్మనట్టు.

"నిన్న డెబ్బై ఒకటే కదరా. ఏం తిన్నావ్ రా భద్రం?" అన్నాడు కొండలరావు.

"ఏం తినలేదు బాబాయ్."

"రెండు కిలోలు గాల్లోంచి వొచ్చాయా?"

"మరి ఆడి క్యారేజీ ఏ గాలికి పోయిందో, ముందు అది చెప్పండి," అంది పైడమ్మ. మస్తాన్ పసుపు బనియన్‌ను చేతుల్లో మడతలు పెట్టడంలో మునిగిపోయాడు.

వీరభద్రం దిగాక మావాళ్ళు మళ్ళీ తూచమన్నారు. జువ్వలపాడు పెద్ద చెయ్యి ఎత్తాడు. "దిగినోడు మళ్ళీ ఎక్కకూడదు. కాటా మాట మాటే. పదండిరా." నూకరాజు అందరికంటే ముందు ట్రాక్టరు ఎక్కాడు. ఈసారి అతని నవ్వు కళ్ళదాకా వెళ్ళింది. వీరభద్రం చెప్పులు వేసుకుని, నా స్తంభం మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.

ఆ పోటీ నేను చూడలేదు. నన్ను కబడ్డీ బరి దగ్గరకు ఎవరు లాక్కెళ్తారు? మిల్లుకు వచ్చినవాళ్ళ మాటల్లో విన్నాను. ములగలంక వరసగా ఆరు ఆటలు ఓడింది. ఏడోది జువ్వలపాడుతో. అది గెలిస్తే మా కింద ఇంకో ఊరు ఉంటుంది, ఓడితే మేమే అడుగు. ఆఖరి కూతకు నూకరాజు వచ్చాడు. ఒక పాయింటు వస్తే వాళ్ళదే ఆట. మావాళ్ళు ముగ్గురే మిగిలారు. అతను కుడివైపు ఒకణ్ణి తాకి, గీత వైపు గాలిలోకి ఎగిరాడట. ఎడమ మూల నుంచి ఒక చెయ్యి వచ్చి చీలమండ పట్టుకుంది. కూత ఆగేదాకా వదల్లేదు. మోకాలు వాచిపోయి, తర్వాత వీరభద్రాన్ని ఇద్దరు మోసుకొచ్చారు.

ఎనిమిదూళ్ళలో ఏడో స్థానం. దానికి ఊళ్ళో డప్పులు కొట్టారు. మర్నాడు మధ్యాహ్నం నా దగ్గర సభ చేరింది.

"నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నా, భద్రాన్ని ఒదులుకోకూడదని," అన్నాడు కొండలరావు.

"ఆ తొడ చూసినప్పుడే అనుకున్నానండీ, పట్టుకి పనికొచ్చే తొడ అని," అన్నాడు మస్తాన్.

పైడమ్మ ఇద్దరి కాళ్ళ మీదికీ దుమ్ము వచ్చేలా ఊడ్చింది.

ఇదంతా పాత మాట. ఇప్పుడు మిల్లులో ఎర్ర అంకెలు చూపించే కొత్త కాటా వచ్చింది. దానికి మూలలన్నీ ఒకటేనట. నన్ను వెనక ఊక పోగు పక్కన పడేశారు. పాత ఇనుము కొనేవాడు ఈ వారంలో వస్తాడని విన్నాను. దిగులేమీ లేదు. పనయ్యాక వీరభద్రం వచ్చి నా మీద కూర్చుని చుట్ట కాలుస్తాడు. మోకాలు చాపుకోవడానికి నా పలక ఎత్తు సరిగ్గా సరిపోతుంది. కబడ్డీ మాట ఎత్తడు. నేనూ ఎత్తను.

వెళ్ళేముందు ఒక్కటి చెప్పి వెళ్తాను. కోళ్ళు కూసిన మాట, కాలవ పొంగిన మాట మీరు ఎలాగూ నమ్మలేదు కాబట్టి వాటిని వదిలేయండి. మీరు నమ్మినది ఒకటుంది. ఆ మడమ. అది నేను కల్పించాను. ఆ రోజు వీరభద్రానికి ఈశాన్యం మూల గుర్తు లేకపోలేదు. ఎక్కేముందు ఒకసారి ఆ వైపు చూశాడు కూడా. చూసి, పలక నడిమధ్యకు వచ్చి, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. అక్కడ నిలబడితే డెబ్బై ఒకటే తూగాలి. ఊరు పంపితే వెళ్ళిపోదామని నిలబడ్డాడు. దిగేదాకా కాలు కదపలేదు.

కదిలింది నేను.