అంబరీశ్ అడగని మాట

రాయచూరు జిల్లా సిరవార బస్టాండు ఎదుటి స్కానింగ్ సెంటరులో ఎక్స్-రే తీసే అంబరీశ్‌ను జనం డాక్టర్ సాబ్ అని పిలుస్తారు. అతను చదివింది పదో తరగతి. పదకొండేళ్ల కిందట అక్కడ ఊడ్చి తుడిచే పనికి చేరాడు. అప్పటి ఆపరేటర్ పక్కన నిలబడి మీటలు చూశాడు. ఆయన మానేసిన మరునాడు తనే నొక్కాడు. ఫిల్ము బాగా రాలేదని ఎవరూ అనలేదు కాబట్టి అతని చదువు ఆ రోజుతో పూర్తయింది. లైసెన్సు లేకుండా బండి నడిపితే పోలీసైనా ఆపుతాడు. మన ఒంట్లోకి కిరణాలు పంపేవాడిని, నువ్వెక్కడ నేర్చుకున్నావయ్యా అని మనలో ఎంతమందిమి అడిగాం?

ఆ మంగళవారం మధ్యాహ్నం అంబరీశ్ అక్క కూతురు నేత్ర దేవసూగూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చి అతని ముందు నిలబడింది. సైన్సుతో పీయూసీ, అంటే ఇంటర్, పాసైన పిల్ల. రాయచూరు ప్రభుత్వ కాలేజీలో ఎక్స్-రే టెక్నీషియన్ డిప్లొమాకు అర్జీ పెట్టడానికి ఆ రోజే ఆఖరు. సాయంత్రం ఐదులోపు అసలు మార్క్స్ కార్డు చూపించకపోతే అర్జీ తీసుకోరు. ఆ కార్డు అంబరీశ్ సొరుగులో ఉంది.

నెల కిందట దాన్ని తెచ్చి ఇచ్చింది నేత్ర తండ్రి మారెప్పే. మేనకోడలికి తన సెంటరులోనే పని ఇప్పిస్తానని అంబరీశ్ అన్నాడు. కార్డు తమ దగ్గరుంటే పిల్ల మధ్యలో మానేయదని ఓనరు అడిగాడట. మారెప్ప సరేనన్నాడు. ఎక్స్-రే తీసే మామ ఇంట్లోనే ఉండగా కాలేజీకి పోవడం, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టేనని అతని లెక్క. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. మన పిల్లల చదువులు చాలావరకు ఇలా మంచి ఉద్దేశాలతోనే ఆగిపోతాయి.

నేత్రకు ఈ చదువు మీద మనసు పడటానికి కారణం ఉంది. నిరుడు తల్లి ఉలిగెమ్మను దగ్గుకు రాయచూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయినప్పుడు అక్కడ ఎక్స్-రే తీసేది సుమంగళ అనే ఆవిడ. గదిలోకి పంపే ముందు ఒక్కొక్క ఆడమనిషినీ దగ్గరకు పిలిచి, నెల తప్పిందా అని చెవిలో అడిగేది. ఎందుకని నేత్ర అడిగితే, కడుపులో బిడ్డ ఉన్నప్పుడు కిరణాలతో ఎంత జాగ్రత్త కావాలో ఓపికగా చెప్పింది. ఆ పని తనకూ కావాలని నేత్ర ఆ రోజే అనుకుంది.

"మామా, నా కార్డు ఇయ్యి. రెండున్నర బస్సుకు పోవాలె" అంది నేత్ర.

"కాలేజీల ఏం నేర్పుతరు బిడ్డా? నేను యాడ నేర్చిన? ఈ చేతులతోని దినానికి ముప్పై తీస్తున్న. నిలబడి చూడు. చూసినంక గూడ పోతనంటే కార్డు ఇస్త."

గడియారం రెండు దాటింది. అప్పుడే మంజమ్మ అనే ఆవిడ తన కోడలు యంకమ్మను పట్టుకుని లోపలికి తెచ్చింది. వరి నారు మోస్తూ కాలువ గట్టు మీద జారిపడిందట. నడుము కింద నొప్పి. పక్క క్లినిక్కు డాక్టరు తుంటికి ఎక్స్-రే రాసి పంపాడు. అంబరీశ్ చీటీ చూశాడు, యంకమ్మను బల్ల మీద పడుకోబెట్టాడు, మిషన్ను సరిగ్గా పొత్తికడుపు కిందికి దించాడు. ఏమీ అడగలేదు.

నలుగురి ముందు మామకు ఎదురు చెబితే కార్డు చేతికి రాదని నేత్రకు తెలుసు. బయట రాయచూరు బస్సు వచ్చి ఆగింది. అయినా బల్ల దగ్గరకు వెళ్లి యంకమ్మ చెవి దగ్గర వంగి అడిగింది. యంకమ్మ కళ్లు మూసుకుంది.

ఈ పక్క ఇళ్లలో మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టరు. చెబితే దిష్టి తగులుతుందంటారు. మగవాళ్ల ముందు అసలే చెప్పరు. పైగా యంకమ్మకు నిరుడు ఒక కడుపు నిలవలేదు. తొందరపడి ఊరంతా చెప్పినందుకే పోయిందని ఇంట్లో అందరూ నమ్మారు. ఈసారి అత్తాకోడళ్లు నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

"పక్కకు జరుగు" అన్నాడు అంబరీశ్, మీట మీద చెయ్యి పెట్టి.

"ఆగు మామా. అడగకుండ తియ్యగూడదు."

"జనం ముందర నాకే నేర్పుతవా? కార్డు సంగతి మరిచిపో ఇంక."

నేత్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ బల్లకూ మామకూ మధ్య నుంచి కదల్లేదు. మళ్లీ వంగి, "అక్కా, నోటితోని చెప్పొద్దు. నాకొక్కదానికే చెయ్యి చూపియ్యి" అంది.

యంకమ్మ చీర కుచ్చిళ్ల చాటు నుంచి రెండు వేళ్లు చూపింది.

రెండో నెల అని నేత్ర మెల్లగా చెప్పగానే అంబరీశ్ చెయ్యి మీట మీద నుంచి జారింది. గుమ్మం దగ్గర మంజమ్మ తల దించుకుంది. "ఆయన అడగలె, మేం చెప్పలె. ఫోటోనే గదా అనుకుంటిమి" అంది.

అంబరీశే వాళ్లను డాక్టరు దగ్గరకు వెనక్కి తీసుకుపోయాడు. తనూ అడగలేదని డాక్టరు నొచ్చుకున్నాడు. మళ్లీ పరీక్ష చేసి, ఎముక విరిగినట్టు లేదు, ఇప్పుడు ఎక్స్-రే అక్కర్లేదన్నాడు. ప్రతి ఎక్స్-రే బిడ్డకు హాని చేస్తుందని కాదు. తియ్యాలో వద్దో డాక్టరు తూచి చెప్పగలడు. అయితే సంగతి తెలియనివాడు దేన్ని తూస్తాడు?

అంబరీశ్ తిరిగి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. నేత్ర బెంచీ మీద మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అతను ఆ ఖాళీ బల్ల వైపు చూశాడు. ఇన్నేళ్లలో దాని మీద ఎందరు ఆడవాళ్లు పడుకున్నారో, వాళ్లలో ఎందరు సిగ్గుతోనో భయంతోనో నోరు మూసుకున్నారో అతనికి తెలియదు. ఇక ఎన్నటికీ తెలియదు కూడా. సొరుగు తెరిచి కార్డు తీసి నేత్ర చేతిలో పెట్టాడు. సెంటరుకు తాళం వేసి మోటారు సైకిలు బయటికి తీశాడు.

కల్మల దాటాక గొర్రెల మంద అడ్డం వచ్చి కాసేపు ఆపింది. కాలేజీ చేరేసరికి ఐదుకు ఏడు నిమిషాలుంది. గుమాస్తా కార్డు తిప్పి చూసి, అర్జీ మీద ముద్ర వేశాడు.

గేటు బయట మామ ఇంకా హెల్మెట్టు చేత్తో పట్టుకునే నిలబడి ఉన్నాడు. మేనకోడలి మొహంలోకి చూడలేక రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"రేపు ఓనరుకు చెప్తున్న. చదివినోళ్లు వచ్చేదాక ఆ మీట ముట్ట. మిషన్ ఎట్ల నడపాల్నో చూసి నేర్చుకున్న బిడ్డా. ఎప్పుడు నడపగూడదో నాకు ఎవరూ చెప్పలే, నేను గూడ అడగలే. మనిషి ప్రాణంతోని పని పెట్టుకునేటోడు చూసి నేర్చుకుంటే చాలదు, చదివి తీరాలె."